పాఠకుల ప్రశ్నలు: “దేవుడు నాకు చెప్పాడు” అన్నప్పుడు

ఈ నెల అందిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ మూడింటికి మాత్రమే ఇక్కడ జవాబు వ్రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు తొలగించాను.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. నాకు 26 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. మా ఇంటికి ప్రార్థనకు వచ్చే ఒక సహోదరుడు, ఫలానా సంబంధం దేవుని చిత్తమని తనకు దర్శనంలో బయలుపరచబడిందని మా అమ్మతో చెప్పారు. ఆ అబ్బాయితో నేను రెండుసార్లు మాట్లాడాను. అతడు చెడ్డవాడని కాదు గాని నా మనసు ఒప్పుకోవడం లేదు. ‘కాదంటే దేవునికి ఎదురు చెప్పినట్టే’ అని ఇంట్లో అంటున్నారు. ఇంకొక బాధ కూడా ఉంది. మా కూటంలో అందరూ ‘దేవుడు నాతో మాట్లాడాడు’ అని సాక్ష్యం చెబుతారు. నాకు ఇంతవరకు ఏ స్వరమూ వినబడలేదు. నా విశ్వాసంలో లోపం ఉందా? (ఒక సోదరి, గుంటూరు జిల్లా)

జవాబు: సోదరీ, మీ రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మొదటి ప్రశ్న ముడి కూడా అక్కడే ఉంది.

మన కూటాలలో తరచుగా వినబడే ‘దేవుడు నాతో మాట్లాడాడు’ అన్న మాట సాక్ష్యపు భాషలో స్థిరపడిపోయిన ఒక వాడుక. అలా చెప్పినవారిని ఆరాధన అయ్యాక పక్కన కూర్చోబెట్టుకొని, ‘చెవికి వినబడిందా అమ్మా?’ అని నేను చాలాసార్లు అడిగాను. దాదాపు అందరూ లేదనే చెప్పారు. ప్రసంగంలో ఒక వాక్యం తన ఇంటి సంగతి తెలిసి చెప్పినట్టుగా తగిలిందని ఒకరన్నారు. తోడికోడలితో ఏడాదిగా మాటలు లేని ఒక తల్లి, పరలోక ప్రార్థనలో ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అన్న చోటికి వచ్చేసరికి తనకు నోరు పెగలలేదని, ఆ సాయంకాలమే వెళ్లి ఆ తలుపు తట్టానని చెప్పింది. ఆమెతో దేవుడు నిజంగానే మాట్లాడాడని నేను నమ్ముతాను. కాని ఆమె విన్నది కొత్త మాట కాదు, చిన్ననాటి నుంచి కంఠతా వచ్చిన మాట. వెయ్యిసార్లు పలికిన మాటే వెయ్యిన్నొకటోసారి ఆమెను నిలబెట్టి అడిగింది. ఇటువంటిది మీ జీవితంలో ఒక్కసారైనా జరిగి ఉంటే, మీ కూటంలో చాలామంది సాక్ష్యం చెప్పేది మీకు కూడా జరిగినట్టే. మీరు దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే.

క్రైస్తవ సంఘం ఈ విషయంలో మొదటి నుంచి పట్టుకొన్న ఆధారం హెబ్రీ పత్రిక మొదటి వాక్యం. పూర్వకాలమందు ‘నానాసమయములలోను నానావిధములుగాను’ ప్రవక్తల ద్వారా మాటలాడిన దేవుడు, ‘ఈ దినముల అంతమందు కుమారుని ద్వారా మనతో మాటలాడెను’ అని అక్కడ ఉంది. మాటలాడుచున్నాడు అని కాక మాటలాడెను అని ఉండడాన్ని గమనించాలి. చెప్పవలసిన ముఖ్యమైన మాట క్రీస్తునందు చెప్పబడి పూర్తయింది. ఆ తరువాత ఎవరు ఏ మాట విన్నా అది ఆ మాటకు విరుద్ధంగా ఉండకూడదు, ఆ మాటకు అనుబంధంగా చేరకూడదు. ఇంతవరకు క్రైస్తవ శాఖలలో పెద్ద తేడా లేదు. 1537లో ప్రొటెస్టంటు సంస్కర్త లూథరు, వాక్యాన్ని పక్కనపెట్టి ఆత్మ నేరుగా నాకే చెప్పాడనేవారిని నమ్మవద్దని గట్టిగా వ్రాశాడు. ప్రెస్బిటేరియన్ సంఘాలు అనుసరించే 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం, దేవుడు తన చిత్తాన్ని తెలియజేసిన పూర్వపు పద్ధతులు ఇప్పుడు ఆగిపోయాయని చెప్పింది. కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1965లో, ప్రభువు మహిమతో ప్రత్యక్షమయ్యే వరకు సంఘమంతటికీ చెందిన కొత్త ప్రత్యక్షత ఏదీ ఉండబోదని ప్రకటించింది. కతోలికులు వ్యక్తిగతమైన దర్శనాలను పూర్తిగా కొట్టివేయరు గాని, వాటిని విశ్వాసానికి పునాదిగా ఎన్నడూ లెక్కించరు. 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవం తరువాత లోకమంతటా వ్యాపించిన పెంతెకొస్తు సంఘాలు, ప్రవచన వరం ఆగిపోలేదని బోధిస్తాయి. అయినా వారిలో జాగ్రత్తగల బోధకులెవరూ ప్రవచనాన్ని బైబిలుతో సమానంగా ఎత్తరు.

మన ప్రాంతంలో ఈ విషయానికి రెండు పెద్ద ధోరణులున్నాయి. పంజాబులోని సిక్కు కుటుంబంలో పుట్టి, తరువాత హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన భక్త సింగ్ గారు 1929లో కెనడాలో క్రొత్త నిబంధన చదువుతూ ఉండగా, యోహాను సువార్త మూడవ అధ్యాయంలో ‘నిశ్చయముగా చెప్పుచున్నాను’ అన్న యేసు మాట తనను పట్టి నిలిపిందని చెప్పేవారు. ఆయన స్థాపించిన సహవాసాలలో, ఏ నిర్ణయానికైనా ప్రార్థించి, చదువుతున్న భాగంలో నుంచి ఒక వాక్యం వచ్చేవరకు ఆగడం అలవాటు. ఇక 1938లో రాజమండ్రిలో దేవదాసు అయ్యగారు బైబిలు మిషను అనే సంఘాన్ని ప్రారంభించినప్పుడు, ఆ పేరును దేవుడే గాలిలో బంగారు అక్షరాలతో తనకు చూపించాడని చెప్పారు. ఆ మిషనువారు దేవుని సన్నిధిలో మౌనంగా కూర్చొని ‘కనిపెట్టడాన్ని’ ఈనాటికీ పాటిస్తారు.

కనిపెట్టడం అన్న ఈ మాట గురించి ఒక ముక్క చెప్పాలి. బడిలో ఈ మాటకు కొత్త సంగతిని కనుక్కోవడమని నేర్చుకొంటాము. మన బైబిలులో ‘యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము’ అన్నప్పుడు మాత్రం దాని అర్థం పాత తెలుగులోనిది: పసిబిడ్డను కనిపెట్టుకొని ఉండమని ఇంట్లో అంటామే, అది. జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన కూర్చొన్న తల్లికి ఆ రాత్రంతా ఏ శబ్దమూ వినబడకపోవచ్చు. అంతమాత్రాన ఆమె తల్లి కాకుండా పోదు. మీకు స్వరం వినబడలేదన్న బాధను ఈ వెలుగులో చూడండి.

ఇప్పుడు సంబంధం సంగతికి వస్తాను. దేవుడు మాట్లాడటం అనగానే మనందరికీ గుర్తుకు వచ్చేది బాలుడైన సమూయేలు కథ. ‘నీ దాసుడు ఆలకించుచున్నాడు’ అన్న మాటను ఆదివారపు బడిలో పిల్లలు అభినయం చేస్తారు, అక్కడితో కథ ఆపేస్తాము. తరువాతి భాగమే మీకు పనికివస్తుంది. సమూయేలుకు ఆ రాత్రి వినబడిన మాట, తనను పెంచుతున్న యాజకుడు ఏలీ కుటుంబానికి రాబోతున్న శిక్షను గురించినది. అన్నం పెట్టి పెంచినవానికి ఆ మాట చెప్పడానికి బాలుడు భయపడ్డాడు. ఏలీ ఒట్టు పెట్టి అడిగితే తప్ప నోరు విప్పలేదు. ఆ మాట వల్ల సమూయేలుకు పెరిగిన పలుకుబడి గాని, దొరికిన కానుక గాని లేదు. ఇంకొక సంగతి: పిలుస్తున్నది దేవుడేనని బాలుడు తనంతట తాను గుర్తించలేదు, చూపు మందగించి, కొడుకులను అదుపు చేయలేకపోయిన ఒక ముసలి యాజకుడు గుర్తించి చెప్పవలసి వచ్చింది. దేవుని మాటను ఒక్కరే విని, ఒక్కరే తీర్పు చెప్పి, ఒక్కరే అమలుచేయించే పద్ధతి లేఖనాలలో చాలా అరుదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన నియమం కూడా ఇదే: ‘ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును, తక్కినవారు వివేచింపవలెను.’ ప్రవచనం చెప్పేవారి సంఖ్యకు పరిమితి ఉంది. వివేచించే బాధ్యత మాత్రం విన్నవారందరిదీ. థెస్సలొనీకయులకు వ్రాసినప్పుడు, ‘ఆత్మను ఆర్పకుడి, ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి’ అన్న వెంటనే ‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అన్నాడు. పరీక్షించడం అవిశ్వాసమైతే పౌలు ఆ ఆజ్ఞ ఇచ్చేవాడే కాదు. మీరు ‘ఎందుకు?’ అని అడగడం దేవునికి ఎదురు చెప్పడం కాదు, ఆయన చెప్పమన్న పని చేయడమే.

మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయాన్ని మీ అమ్మగారితో కలిసి ఒకసారి చదవండి. దేవుడు తనకు స్పష్టంగా ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం, ఎక్కడా భోజనం చేయకుండా తిరిగి వెళ్తున్న ఒక దైవజనుణ్ణి బేతేలులోని వృద్ధ ప్రవక్త దారిలో ఆపి, నేను కూడా నీవంటి ప్రవక్తనే, దేవదూత నాకు చెప్పాడు, మా ఇంటికి రమ్మన్నాడు. అతడు అబద్ధమాడాడని లేఖనం అక్కడే చెబుతుంది. దైవజనుడు నమ్మి వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో సింహం చంపింది. మీ ఇంటికి వచ్చే సహోదరుడు అబద్ధమాడుతున్నారని నేను అనడం లేదు. ఆయన ఎవరో నాకు తెలియదు, మంచి మనసుతోనే చెప్పి ఉండవచ్చు. కాని మంచి మనసుగలవారు సైతం తమ కోరికను దర్శనమని పొరపడటం నేను చూశాను. చిన్న వయసులో నేను కూడా ఒకసారి అలా పొరపడ్డాను. నా మాట నమ్మి ఊరు మారిన ఒక కుటుంబం తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. అందుకే ఈ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ దైవజనుని మీద కంటె వృద్ధ ప్రవక్త మీదనే దృష్టి నిలుస్తుంది.

వివాహాన్ని గురించి అడిగారు గనుక రిబ్కా సంగతి చూడండి. అబ్రాహాము కొడుకు ఇస్సాకుకు పెళ్లికూతురిని వెదకడానికి వెళ్లిన దాసుడు బావి దగ్గర దేవుణ్ణి గురుతు అడిగాడు. అడిగిన గురుతు అడిగినట్టే దొరికింది. ‘ఇది యెహోవావలన కలిగిన కార్యము’ అని ఆ పిల్ల అన్నే, తండ్రే ఒప్పుకొన్నారు. ఇంతకంటె బలమైన సూచన ఏ సంబంధానికైనా దొరుకుతుందా? అయినప్పటికీ మరునాడు ప్రయాణం మాట వచ్చినప్పుడు, వారు ఆ చిన్నదానిని పిలిచి, ఈ మనుష్యునితో వెళ్తావా అని ఆమె నోటనే అడిగారు. ఆమె వెళ్తానన్న తరువాతనే సాగనంపారు. అంత స్పష్టమైన సూచన ఉన్నచోటనే ఆమెను అడగగా, మీ విషయంలో అడగకుండా ఉండటానికి కారణం నాకు కనిపించడం లేదు. పౌలు కూడా విధవరాలి పునర్వివాహం గురించి వ్రాస్తూ, ‘ప్రభువునందు మాత్రమే’ అన్న ఒక్క షరతు పెట్టి, తనకు ఇష్టమైనవానిని చేసికొనడానికి ఆమె స్వతంత్రురాలని అన్నాడు. ఇష్టం అన్న మాటను వ్రాయడానికి అపొస్తలుడు సంకోచించలేదు.

మరొక ఉదాహరణ అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో ఉంది. కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసికొని, దానితో తన చేతులను కాళ్లను కట్టుకొని, ఈ నడికట్టుగల మనుష్యుణ్ణి యెరూషలేములో ఇలా బంధిస్తారని చెప్పాడు. అక్కడున్నవారందరూ వెళ్లవద్దని ఏడుస్తూ బ్రతిమాలారు. పౌలు వెళ్లాడు. జరగబోయేది ఏమిటో అగబు చెప్పాడు గాని, కాబట్టి నీవు ఇలా చేయవలెనని అనలేదు. ఆ నిర్ణయం పౌలుదే అయింది. తక్కినవారు చివరకు ‘ప్రభువు చిత్తము జరుగును గాక’ అని ఊరుకొన్నారు. నిజమైన ప్రవక్త ఎదుట కూడా వినేవాని మనస్సాక్షి చెక్కుచెదరకుండా నిలిచింది.

మీరు చేయదగినది ఇది. ఆ సహోదరుణ్ణి గౌరవంగానే, తాను చూసిన దర్శనాన్ని మీ సంఘ కాపరి ఎదుట, ఇద్దరు ముగ్గురు పెద్దల ఎదుట చెప్పమని అడగండి. వివేచించవలసినవారు అక్కడ ఉంటారు. ఆయన అందుకు సంతోషంగా ఒప్పుకొంటే మంచిదే. కోపగించుకొంటే మీ అమ్మగారే ఆ కోపాన్ని గమనిస్తారు. మీ మనసు ఒప్పుకోని సంగతిని కూడా అదే చోట, మీ నోటితో చెప్పండి. కూటంలోని పెద్ద వయసు సోదరి ఎవరినైనా తోడు తీసికొని వెళ్లండి, ఒంటరిగా వెళ్లవద్దు.

ప్రశ్న: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి తలా ఒకటి తీసుకొనే వాగ్దాన వాక్యపు కార్డులలో నాకు వచ్చినదాని మీద యిర్మియా 29:11 ఉంది. అవి సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు అన్న ఆ మాట నాకే అని నమ్మి, చీటీ పాడిన డబ్బంతా పెట్టి షాపు తెరిచాను. ఆగస్టులో మూసివేయవలసి వచ్చింది. దేవుడు మాట్లాడలేదా? లేక నాకే వినడం చేతకాలేదా? (ఒక సహోదరుడు, ఖమ్మం)

జవాబు: సహోదరుడా, నష్టం సంగతి చదివి బాధపడ్డాను. అయితే ఆ కార్డుల సంగతి నాకు లోపలి నుంచి తెలుసు. చాలా ఏళ్లు మా సంఘానికి వాటిని తయారుచేసినది నేనూ మా ఇంటావిడానే. భోజనాల బల్ల మీద గట్టి కాగితాలు పరుచుకొని, వాక్యాలు వ్రాసి, కత్తెరతో ముక్కలు చేసి, రాత లోపలికి వచ్చేలా స్టీలు పళ్లెంలో పేర్చేవాళ్లం. ఒక సంవత్సరం మా ఇంటావిడ కత్తెర ఆపి, ‘లోకములో మీకు శ్రమ కలుగును’ అన్నది ఒక్కటీ వ్రాయలేదేమండీ అని అడిగింది. అది కూడా యేసు ప్రభువు నోటి మాటే. నేను వ్రాయలేదు. నూతన సంవత్సరం మొదటి నిమిషంలో ఆ ముక్క ఎవరి చేతికైనా వస్తే వారి ముఖం ఎలా ఉంటుందో అని జంకాను. పళ్లెంలో నుంచి ఏది వచ్చినా దేవుడిచ్చినదే అంటాము గాని, పళ్లెంలో ఏవి ఉండాలో ముందుగానే ఏరినవాళ్లం మేము.

ఈ అలవాటు తప్పని నేను అనను. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సహోదరులనే ప్రొటెస్టంటు సంఘంవారు 1731 నుంచి ప్రతి దినానికి ఒక వాక్యాన్ని చీటీ వేసి తీసి పుస్తకంగా అచ్చువేస్తున్నారు. నేటికీ ఆ పద్ధతి సాగుతోంది. ఆ దినమంతా ధ్యానించడానికి ఒక మాట ఇవ్వడం దాని ఉద్దేశం. పెట్టుబడి పెట్టాలో వద్దో చెప్పడం దాని పని కాదు. ప్రాచీన సంఘపు గొప్ప బోధకుడు అగస్టీను జీవితంలో కూడా ఇటువంటిది ఉంది. 386లో మిలాను నగరంలోని ఒక తోటలో ఏడుస్తూ ఉండగా, పక్క ఇంటి నుంచి ‘తీసి చదువు, తీసి చదువు’ అని ఒక పసిగొంతు వినబడిందని, పౌలు పత్రికను తెరిచి కంటబడిన రోమా 13వ అధ్యాయపు మాటలు చదివి మారుమనస్సు పొందానని ఆయన వ్రాశాడు. అదే అగస్టీను తరువాత బిషప్పు అయినప్పుడు, లోకవ్యవహారాల కోసం సువార్త పుటలు తెరిచి శకునం చూసేవారి అలవాటు తనకు ఇష్టం లేదని ఒక ఉత్తరంలో స్పష్టంగా చెప్పాడు. దయ్యాల దగ్గరకు పోవడం కంటె నయమని మాత్రం ఒప్పుకొన్నాడు. తనకు జరిగినదాన్ని అందరికీ పద్ధతిగా మార్చడానికి ఆయన ఇష్టపడలేదు. నేను ఆయన పక్షమే.

ఇక మీకు వచ్చిన వాక్యం. దాని ముందున్న పదవ వచనం కార్డు మీద పట్టదు గనుక ఎవరూ వ్రాయరు. బబులోనుకు చెరపోయినవారికి యిర్మియా పంపిన ఉత్తరం అది: మీరు అక్కడ 70 సంవత్సరాలు ఉంటారు, ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని అందులో ఉంది. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండు సంవత్సరాలలోనే అంతా తిరిగి వచ్చేస్తుందని దేవుని పేరిట గుడిలో చెప్పాడు. జనం వినగోరినది హనన్యా మాట. దేవుడు పంపినది యిర్మియా మాట. అందుచేత 29:11 మీకు ఏమీ చెప్పదని కాదు. చెరలోనూ దేవుడు విడువలేదన్నది ఆ మాట; ఈ సంవత్సరం మీకు కావలసినది కూడా బహుశః అదే. అయితే షాపు ఆ వీధిలో నడుస్తుందా, అద్దె ఎంత, సరుకు ఎక్కడి నుంచి అన్నవి ఆ వాక్యానికి వేయవలసిన ప్రశ్నలు కావు; ఆ వీధిలో వ్యాపారం చేస్తున్న నలుగురిని అడగవలసినవి. అలా అడగడం విశ్వాసం తక్కువై కాదు. ఆలోచన చెప్పేవారు ఎక్కువగా ఉంటే పని నెరవేరుతుందని సామెతల గ్రంథమే చెబుతుంది.

ప్రశ్న: మేము అమెరికాలో టెక్సాస్‌లో ఉంటున్నాము. మన వైపు నుంచి ఒక సేవకుడు వీడియో కాల్‌లో ప్రార్థిస్తూ, మా అబ్బాయి వీసా విషయం దేవుడు తనకు చూపించాడని, ‘విత్తన కానుక’గా ఇంత పంపితే ఆటంకం తొలగిపోతుందని చెప్పారు. వీసా విషయం మేము ఆయనకు చెప్పలేదు. పంపమంటారా? (ఒక తండ్రి)

జవాబు: పంపవద్దు. విదేశంలో ఉన్న తెలుగు కుటుంబానికి వీసా చింత ఉందని తెలియడానికి దర్శనం అవసరం లేదు.

మీ సందేహం సంఘానికి కొత్తది కాదు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక ప్రాచీన గ్రంథం వ్రాతప్రతి దొరికింది. దానిని ‘పన్నెండుమంది అపొస్తలుల బోధ’ అంటారు. సంఘం ఇంకా ఇళ్లలో కూడుకొనే తొలి రోజులలో, ఊరూరా తిరిగే ప్రవక్తలను ఎలా గుర్తించాలో అందులో చాలా నిక్కచ్చిగా వ్రాశారు. వచ్చినవాడు మూడు రోజులు ఉండిపోతే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉండి భోజనం వడ్డించమని చెప్పి తానే కూర్చొని తింటే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉండి ‘నాకు డబ్బు ఇవ్వండి’ అంటే అతని మాట వినవద్దు. లేమిలో ఉన్న ఇతరుల కోసం ఇమ్మని అడిగితే మాత్రం ఎవరూ అతనికి తీర్పు తీర్చవద్దు అని కూడా ఉంది.

పైన చెప్పిన అగబే అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో ఒకసారి డబ్బుకు సంబంధించిన ప్రవచనం చెప్పాడు. గొప్ప కరవు రాబోతున్నదని అతడు అంతియొకయలో చెప్పగా, అక్కడి శిష్యులు ఎవరి శక్తికొలది వారు యూదయలోని సహోదరులకు సహాయం పంపడానికి నిశ్చయించుకొన్నారు. ఎంత ఇవ్వాలో అగబు చెప్పలేదు. ఆ సొమ్ము బర్నబా, సౌలు (అంటే పౌలు) అనే ఇద్దరి చేతుల మీదుగా యూదయలోని పెద్దలకు చేరింది.